కళ్ళాపి కింద పోయిన అడుగులు

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది. రాయలేదు, అప్పట్లో నాకు రాయడం రాదు కనక. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. నేను పుట్టింది పీతలు పట్టే ఇంట్లో. మా నాన్న నావ ముందు కూర్చుని తాడు లాగుతుంటే, వెనక కూర్చుని పీతల పెద్ద కాళ్ళకి నార కట్టడం నా పని. సముద్రపు పోటూ పాటూ రోజూ వేళ మార్చుకుంటాయి, బడి గంట మార్చుకోదు. ఆ రెండింటికీ మా ఇంట్లో పొత్తు కుదరలేదు. చివరికి యాభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి, అది కూడా పొయ్యి దగ్గర. మా ఊరి తుఫాను షెల్టరు కింద ఇప్పుడు అంగన్‌వాడీ నడుస్తోంది. పిల్లలకి వంట నేనే చేస్తాను. గోడ మీది బొమ్మల అట్ట చూసి పిల్లలు అరుస్తుంటే, గరిటె తిప్పుతూ నేనూ లోలోపల అనుకునేదాన్ని. ఒకరోజు టీచరమ్మ పట్టేసింది. "రత్నంగారూ, పెదాలు కదుపుతున్నారేంటండీ?" అంది. "పప్పు కాలుతుందేమోనని ఊదుతున్నానండీ" అన్నాను. ఆవిడ నమ్మలేదు. మర్నాటినుంచి పిల్లలు పడుకున్నాక నా చేతికి పలక ఇచ్చేది. అందుకే ‘అ’ కనిపిస్తే నాకు ఇప్పటికీ పప్పు ఉడికే వాసన వస్తుంది. బయట నేను మొదట చదివిన మాట బస్సు మీది బోర్డు, తాటిపాక అని. చదివిన సంతోషంలో అక్కడే నిలబడిపోయాను. నేను ఎక్కవలసిన బస్సు అదే. వెళ్ళిపోయింది.

అక్షరాలు వచ్చాక కూడా ఏం రాయాలో తోచక పలక మీద మా ఇంట్లో వాళ్ళ పేర్లే రాసుకునేదాన్ని. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట మా ఊళ్ళో నెల్లాళ్ళున్న క్లారా కిందటి చలికాలం మళ్ళీ వచ్చింది. నరసాపురం రైలు దిగి, సఖినేటిపల్లి రేవుకి పంటు మీద గోదారి దాటి, తన కాలేజీ పిల్లల్ని పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వస్తున్న మనిషిని నేను షెల్టరు మెట్ల మీంచే పోల్చుకున్నాను. జుట్టు నెరిసింది, ఒళ్ళు చేసింది, కానీ నడిచేటప్పుడు కుడి మడమ కొంచెం బయటికి వేసే అలవాటు పోలేదు. మనుషుల్నైనా నేను మొహం కన్నా ముందు అడుగుతో గుర్తుపడతాను. ఆవిడ సంచిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన పాత నోటుపుస్తకం ఉంది. అది చూశాక ఏం రాయాలో తెలిసింది.

క్లారా మొదటిసారి వచ్చేటప్పటికి నాకు ఇరవై రెండో, ఇరవై మూడో. పెళ్ళయి మూడేళ్ళు. నెలగంట పెట్టి, వాకిళ్ళలో పెద్ద ముగ్గులు మొదలైన రోజుల్లో పాయల మధ్య ఉన్న మా తిప్పకి ఎనిమిదిమంది దొరల పిల్లలు వచ్చారు. వాళ్ళ దేశంలో జంతువుల చదువు చదువుతున్నారట. ఆ చదువులో ఒక నెల రోజులు వేడి దేశాల్లో అడవీ నీళ్ళూ కలిసే చోటికి వెళ్ళి, అక్కడి జీవాల్ని చూసి, కొలిచి, వాటిని ఎలా కాపాడుకోవాలో రాసుకుని వెళ్ళాలట. వాళ్ళు ఫీల్డ్ కోర్సు అనేవారు. మా ఊళ్ళో అది ‘మడ చదువు’ అయింది, ఎందుకంటే పొద్దున్న లేస్తే మడ చెట్ల వేళ్ళ మధ్య బురదలోనే ఉండేవారు. వాళ్ళతో ఒక పెద్ద మాస్టారు, సన్నగా, బట్టతల మీద గుడ్డ టోపీతో. వాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకీ చెప్పడానికి అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పే సుభద్ర మేడంగారు. తుఫాను షెల్టరు మేడ మీద మంచాలు వేయించి వాళ్ళకి బస ఇచ్చారు.

వంటకి ఎవరైనా ఉన్నారా అని మేడంగారు మా అరుగు దగ్గరికి వచ్చి అడిగితే, మా అత్త నోట్లోంచి చుట్ట తీసింది. ఆవిడ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. "మా కోడలుందండీ. ఉప్పు తక్కువేస్తాది. మాకు సరిపోదు గానీ దొరలకి సరిపోద్ది" అంది. అలా నాకు పని కుదిరింది.

ఆ రోజులు తలుచుకుంటే ముందు ముక్కుకి తెలుస్తాయి. తెల్లారకుండా వెళ్ళి షెల్టరు చుట్టూ ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేదాన్ని. ఎవరి ఇల్లయితేనేం, పొయ్యి వెలిగించే చోట వాకిలి బోసిగా ఉండకూడదని మా అమ్మ చెప్పిన పద్ధతి. తరవాత కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేసేదాన్ని. తడి డొక్కల పొగ, పచ్చి పేడ వాసన, పాయ మీంచి వచ్చే బురద గాలి, వాటిలో అల్లం వేసిన ఉప్మా. ఆడపిల్లలు దుప్పట్లు కప్పుకుని మెట్ల మీద కూర్చుని నా ముగ్గు పూర్తయ్యేదాకా చూసేవారు. ఎండు మెత్తళ్ళ చేపలు వేయిస్తే ఒకబ్బాయి ముక్కు మూసుకుని మేడ మీదికి పారిపోయేవాడు. మూడో వారానికి వాడే కంచం పట్టుకుని ముందు నిలబడేవాడు. ఇద్దరు చేప ముట్టేవారు కాదు. "చేపల్ని లెక్కెడతారంట గానీ తినరంట. మరి లెక్కెందుకే?" అని మా అత్త ఆశ్చర్యపోయేది. ఆవిడ రోజూ పొద్దెక్కాక వచ్చి మెట్ల కింద చుట్ట కాలుస్తూ కూర్చునేది. నిప్పు లోపలికి పెట్టుకుంటే పొగ ఎటు పోతోందో చూడాలని పిల్లలు చుట్టూ చేరేవారు. ఒకమ్మాయి ఆవిడ బొమ్మ కూడా వేసుకుంది. "అడివి జీవాల్ని చూడ్డానికొచ్చి నన్ను రాసుకుంటారేటే, నాకూ ఓ నెంబరేసేరా?" అంటే మేడంగారు అది ఇంగ్లీషులో చెప్పి, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఒక్కొక్కరు ఒక్కో జీవాన్ని ఎంచుకున్నారు. ఒకరు లకుముకి పిట్టలు, ఒకరు బురదలో గెంతే చేపలు, ఒకరు పీతలు. క్లారా నీటికుక్కల్ని ఎంచుకుంది. పేరు కుక్కే గానీ అది కుక్క కాదు. నూనె రాసినట్టు నిగనిగలాడే ఒళ్ళు, పొట్టి కాళ్ళు, లావాటి తోక. గుంపుగా వచ్చి వలలో చేప తిని వల చించి పోతుంది. "మన వలలు చించే ముండల్ని చూడ్డానికి ఇమానం ఎక్కొచ్చిందా ఈ పిల్ల!" అని మా అత్త బుగ్గలు నొక్కుకుంది. మూడు వారాలు తిరిగినా క్లారాకి అవి చిక్కలేదు. దూరాన నీళ్ళలో రెండు తలలు కనిపించేవి, మునిగేవి. అడుగులు దొరికితే, కొలబద్ద తెచ్చేలోగా పోటు వచ్చి చెరిపేసేది. మాస్టారి పద్ధతి గట్టిది. కళ్ళతో చూసి కొలిచిందే పుస్తకంలోకి ఎక్కాలి, విన్నదీ అనుకున్నదీ ఎక్కకూడదు, ప్రతి పేజీ కిందా చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. తక్కినవాళ్ళ పుస్తకాలు నిండిపోయాయి. క్లారా పుస్తకం తెల్లగా ఉంది. అది అలాగే ఉంటే కోర్సు తప్పినట్టేనని, మళ్ళీ ఇంత దూరం రావడం ఆ పిల్ల వల్ల కాదని మేడంగారు నాతో చెప్పారు. నాకు మనసంతా పాడైపోయింది. ఆ పిల్ల రోజూ నా దగ్గరికి వచ్చి, నేను ముగ్గు గిన్నె కడుగుతుంటే నీళ్ళు పోసేది. మాట తెలియదు. నవ్వేది.

వాళ్ళు వెళ్ళిపోవడానికి ఐదు రోజులుందనగా, ఒక సాయంత్రం క్లారా, ఇంకో ఇద్దరూ షెల్టరు వెనక మెట్ల నుంచి పాయ దాకా ఇసక పోశారు. నేను అక్కడే చేపలు శుభ్రం చేసేదాన్ని. ఆ వాసనకి నీటికుక్కలు వచ్చి ఇసకలో అడుగులు వేస్తాయని ఆ పిల్ల ఆలోచనట, నాకు తరవాత తెలిసింది. మంచి ఆలోచనే. ఇసకని జల్లెడ పట్టారు, చెక్కతో అద్దంలా సాపు చేశారు, రెండువైపులా తెల్లతాడు కట్టారు. మేడంగారు ఆవేళ అమలాపురం వెళ్ళారు. క్లారా నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ చోటు చూపించింది. నా వైపు చూపించి, వేళ్ళతో నేల మీద ముగ్గు పెడుతున్నట్టు తిప్పి, నవ్వుతూ తల అటూ ఇటూ ఊపింది. మా వైపు నవ్వుతూ తల అలా ఊపితే ‘ఓ, అలాగే’ అని. నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ నా ముగ్గు చూసి ముచ్చటపడి, పెద్ద ముగ్గుకి చోటు సరిపోవడం లేదని నాకోసం నేల సాపు చేశారు కాబోలు అనుకున్నాను. నేనూ తల ఊపాను.

మర్నాడు ఇంకా చీకటి విడుతుండగానే వెళ్ళాను. ఇసక మీద అడుగులున్నాయి. చూశాను. చూడకుండా ఎలా ఉంటాను, పుట్టింది మొదలు బురదలో అడుగులు చూడటమే నాకు తెలిసిన చదువు. నీటికుక్క తల్లి పాయలోంచి ఎక్కింది, వెనక రెండు పిల్లలు. ఒక పిల్ల దారి తప్పి తాడు దాకా పోయి, మళ్ళీ పరిగెత్తి తల్లిని కలిసింది. అవి పోయాక బావురుపిల్లి ఒకటి మెట్ల వైపు నుంచి వచ్చి తల్లి అడుగులో అడుగు వేసి వెళ్ళింది. ఆ పిల్లకి జీవం కనబడాలనుకున్నాను గానీ, దాని అడుగులు కూడా పనికొస్తాయని నాకు అప్పటికి తెలియదు. ‘చక్కగా సాపు చేసిన నేలంతా తొక్కిపెట్టాయి’ అని తిట్టుకుంటూ చీపురు తీసుకుని ఊడ్చేశాను. కళ్ళాపి చల్లాను. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టాను, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, పెళ్ళయ్యాక ఎప్పుడూ పెట్టనిది. మధ్యలో గొబ్బెమ్మ, దాని మీద గుమ్మడి పువ్వు. చేతులు కడుక్కుని, క్లారా దిగితే ఆ మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని స్తంభం పక్కన నిలబడ్డాను.

క్లారా ఒక చేత్తో కొలబద్ద, ఒక చేత్తో కెమేరాతో దిగింది. చివరి మెట్టు మీద ఆగిపోయింది. మెల్లిగా మెట్టు మీద కూర్చుంది, కళ్ళలోంచి నీళ్ళు జారాయి. ముగ్గు అంత నచ్చిందా అనుకున్నాను నేను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, మొదటి బస్సుకి వచ్చిన మేడంగారు, ఆ పిల్ల తల ఊపింది ఇక్కడ ముగ్గు వద్దనీ, ఇసక పోసింది అడుగుల కోసమనీ విప్పి చెప్పినప్పుడు నేను ఆ ముగ్గు వైపు మళ్ళీ చూడలేకపోయాను. ఆ పైన మాస్టారు పోటు లెక్కల కాగితం చూపించారు. అమావాస్య వస్తోంది, రేపటి నుంచి వాళ్ళు వెళ్ళేదాకా ఆ ఇసక మీదికి నీళ్ళు ఎక్కుతాయి. అంటే అడుగులు నిలిచే పొడి పొద్దు అదొక్కటే. దాన్ని నేను ఊడ్చేశాను.

"మేడంగారండీ" అన్నాను. "అడుగులు పోయేయి గానీ, నేను చూసేనండీ."

"ఏం చూసేవు రత్నం?"

"అన్నీనండీ."

నోటితో చెప్పడం నాకు చేత కాలేదు. ముగ్గు గిన్నె తెచ్చి, షెల్టరు కింద సిమెంటు నేల మీద కూర్చున్నాను. పాయ ఇటు, మెట్లు అటు అని గీత గీసి, తల్లి ఎక్కిన చోటు నుంచి ఒక్కొక్క అడుగూ పెట్టుకుంటూ వచ్చాను. ఎంత ఉన్నదాన్ని అంతే, ఎంత ఎడం ఉంటే అంతే. వేళ్ళ మధ్య తోలు పడిన గుర్తు, గోళ్ళ చుక్కలు, తోక ఈడ్చిన గీత. పిల్ల దారి తప్పిన చోట అడుగులు దగ్గర దగ్గరగా, పరిగెత్తిన చోట దూరం దూరంగా. బావురుపిల్లి అడుగుకి గోళ్ళు వెయ్యలేదు, దానికి పడవు. తల ఎత్తేసరికి క్లారా నా పక్కన మోకాళ్ళ మీద ఉంది, ఏడుపు ఆపేసి, కొలబద్ద తీసి కొలవబోతోంది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు. తరవాత వంగి, తల్లి ఎడమ ముందుకాలు చూపించి ఏదో అన్నారు.

మేడంగారు ఇబ్బందిగా చెప్పారు. "నీటికుక్కకి వేళ్ళు ఐదంట. ఆ ఒక్క కాలికీ నువ్వు అన్నిచోట్లా నాలుగే వేసేవు. ఒకటి తప్పైతే తక్కినవి మాత్రం ఎలా నమ్ముతాం అంటున్నారు. సరిగ్గా గుర్తు తెచ్చుకోమ్మా. ఐదే కదూ?"

ఐదు అంటే అయిపోను. ఇంకో చుక్క పెడితే ఎవరూ అడిగేవారు కాదు. కానీ దానికి ఉన్నవి నాలుగే. ఎందుకు నాలుగో కూడా నాకు తెలుసు, అదే చెప్పకూడని సంగతి. కిందటి ఏడు ఆ తల్లి మా ఆయన వలలో చిక్కింది. కాలికి తాడు బిగిసి వేలు తెగిపోయింది. మా ఆయన దాన్నీ దాని వంశాన్నీ తిడుతూ, కొత్త వల చేరెడంత కోసి వదిలేశాడు. నీటికుక్క వలలో పడిందని తెలిస్తే ఫారెస్టు వాళ్ళు వచ్చి తీసుకుపోతారని మా ఊళ్ళో అందరికీ భయం. మేడంగారికి ఫారెస్టు వాళ్ళు తెలిసినవాళ్ళే. క్లారా నా మొహంలోకి చూస్తోంది. నేను ఐదు అంటే ఆ పిల్ల పుస్తకంలో అబద్ధం ఎక్కుతుంది, నాలుగు అంటే ఏదీ ఎక్కదు.

"నాలుగేనండీ" అన్నాను. "కావాలంటే చూపిత్తానండీ."

పాయకి పైన, విడిచిపెట్టిన ఉప్పుమడుల పాత గట్టు ఉంది. ఎంత పోటు వచ్చినా అక్కడికి ఎక్కదు. నీళ్ళు ఎక్కువైన రోజుల్లో నీటికుక్కలు ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి అక్కడికే వస్తాయని మా నాన్న చూపించాడు. మాస్టారు ఒప్పుకున్నారు. చూపిస్తే రాయనిస్తాను, లేకపోతే లేదు అన్నారు. మా అత్త ఏమంటుందోనని నాకు భయం వేసింది. ఆవిడ చుట్ట తీసి, క్లారా వైపు చూసి, "ఎళ్ళవే. ఆ పిల్ల మొగం చూళ్ళేపోతున్నాను. వంట నేను చేత్తాను. నా చెయ్యి ఉప్పు దగ్గర ఆగదు, మూడ్రోజులు దొరలే తట్టుకోవాలి" అంది. అంతటితో ఆగలేదు. కోళ్ళు వచ్చి నా ముగ్గు అడుగుల్ని గీరేస్తాయని, ఆ మూడు రోజులూ కర్ర పట్టుకుని వాటి పక్కనే కూర్చుంది.

మొదటి రోజు పొద్దున్న నావ గెడ వేసుకుంటూ క్లారానీ మాస్టారినీ మేడంగారినీ తీసుకెళ్ళాను. నక్క అడుగులు తప్ప ఏమీ లేవు. రెండో రోజు మంచు, ఎదటి చెట్టు కనబడలేదు. గట్టు మీద పీత చిప్పలతో నిండిన నీటికుక్క పెంట, పాతది, కనిపించింది. క్లారా దాన్ని బంగారంలా కాగితంలో పొట్లం కట్టుకుంది. మాస్టారు గడియారం చూసుకున్నారు. ఇంటికొస్తే ఉప్పు కషాయంలాంటి పులుసు తిని పిల్లలంతా నీళ్ళు తాగుతున్నారు. "రేపొక్కరోజే కదండీ" అని మేడంగారు నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు. దాని దారి నాకు తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన అది రావాలని లేదు కదా.

మూడో రోజు నీళ్ళు తీస్తున్న వేళ, ఎండ ఇంకా మడ ఆకుల పైనే ఉంది. గట్టుకి ఇవతల తుప్పల్లో మోకాళ్ళ మీద కూర్చున్నాం. ముందు చప్పుడు వినిపించింది, కోడిపిల్లల్లా కీచు కీచుమని. తరవాత నీళ్ళు రెండుగా చీలాయి. తల్లి గట్టెక్కి ఒళ్ళు దులుపుకుంది. వెనకే పిల్లలు, ఒకదాని తోక ఒకటి పట్టుకుని లాగుతూ. తల్లి దుమ్ములో వెల్లకిలా పడి దొర్లింది, అవి దాని పొట్ట మీదికి ఎక్కి జారాయి, మళ్ళీ ఎక్కాయి. దారి తప్పే పిల్ల అక్కడా మా తుప్ప దాకా వచ్చింది. క్లారా నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. నేను ఊపిరి కూడా వదల్లేదు. పిల్ల మమ్మల్ని చూసి, ఒక్క తుమ్ము తుమ్మి, పరిగెత్తిపోయింది. అవి నీళ్ళలోకి దిగగానే క్లారా గట్టు ఎక్కింది, వెనకే మాస్టారు, ఆ వయసులో నాలుగు కాళ్ళ మీద పాకుతూ. మెత్తటి దుమ్ములో తల్లి ఎడమ ముందుకాలు అచ్చు పడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మాస్టారు రెండుసార్లు లెక్కపెట్టారు. టోపీ తీసి, బట్టతల తుడుచుకుని, పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వడం మేం అదే చూడటం.

అప్పుడు చెప్పేశాను, వలా, వేలూ, మా ఆయన తిట్లూ అన్నీ. "ఫారెస్టోళ్ళకి చెప్పకండేం, మీకు దణ్ణం పెడతాను" అన్నాను. మేడంగారు నా నెత్తిన ఒక్కటి మొట్టారు. "పిచ్చిదానా, కొత్త వల కోసి వదిలేసినవాడికి దండెయ్యాలి గానీ చెప్పడమేంటి! ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకున్నావా?" అన్నారు. క్లారాకి ఇంగ్లీషులో చెబితే, ఆ పిల్ల బురద చేతులతో నన్ను కౌగలించుకుంది. ఇద్దరం జారి పాయలో పడ్డాం.

ఆ మధ్యాహ్నం మా అత్త కర్ర పక్కన పెట్టి, ముగ్గు అడుగుల్ని క్లారాకి అప్పగించింది. క్లారా కొలిచి, ఒక పేజీలో నా ముగ్గు, ఎదటి పేజీలో గట్టు మీది అడుగులు వేసుకుంది. కింద సంతకాలు. క్లారా పెట్టింది, మాస్టారు పెట్టారు. ముగ్గు పేజీ కింద చూసినవాళ్ళు నేను. క్లారా నా పేరు తన అక్షరాల్లో రాసి, పెన్ను నా చేతిలో పెట్టింది. అందరూ చుట్టూ ఉన్నారు. పెన్ను ఎటు పట్టుకోవాలో కూడా నాకు తెలియదు. బొటనవేలు చాపాను. పెన్ను సిరా రాసి, నొక్కాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మా అత్త పేజీలోకి తొంగి చూసి, "నీటికుక్కకీ నీకూ ఒకటే సంతకమే! దానికి నాలుగు వేళ్ళు, నీకొక్కటి" అంది. నాకే ముందు నవ్వొచ్చింది, సిగ్గు ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఇరవై ఏళ్ళపాటు చుట్టాలందరికీ ఆవిడ ఈ కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ముగ్గుకి చుక్కలు పెంచేది. చివరికి ఐనవిల్లి గుడి వాకిలంత ముగ్గు అయింది.

ఇప్పుడు అత్త లేదు. ఉప్పుమడుల గట్టు లేదు, అక్కడ రొయ్యల చెరువులు వచ్చాయి, నీళ్ళు తిప్పే చక్రాల మోత. నీటికుక్కలు తగ్గాయి, పోలేదు. చెరువు గట్టుల మీద దొర్లడం నేర్చుకున్నాయి. క్లారా కాలేజీ పిల్లలు చెట్లకి కెమేరాలు కడతారు, వాళ్ళు పడుకుంటే అవే చూస్తాయి. మడ మొక్కలు నాటే పనిలో మా ఊరి ఆడవాళ్ళం ఇరవైమందిమి ఉన్నాం. అప్పుడు మాకు మడ అంటే పుల్లలు, పీతలు. ఇప్పుడు తుఫాను గాలికి అడ్డమని మాకూ తెలుసు. అప్పుడు బాగుండేది, ఇప్పుడు పాడైంది అని రాయాలంటే నా చెయ్యి రాదు. అప్పుడు నాకు చూడటం వచ్చు, రాయడం రాదు. ఇప్పుడు అద్దాలు లేకపోతే దగ్గరివి కనబడవు గానీ రాయడం వచ్చు.

క్లారా వచ్చిన సాయంత్రం, చేతికర్ర పట్టుకుని మేడంగారు కూడా వచ్చారు. షెల్టరు మెట్ల మీద ముగ్గురం కూర్చున్నాం. క్లారా ఆ నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ తీసింది. వేలిముద్ర గోధుమరంగుకి తిరిగింది. "నీకు అక్షరాలొచ్చేయని చెప్పేను" అన్నారు మేడంగారు. "పెడతావా?" పెన్ను తీసుకున్నాను. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. భయంతో అక్షరాలు పెద్దవైపోయాయి. నూకరత్నం అనే పేరు వేలిముద్ర మీద మొదలై, గీత దాటి, నీటికుక్క తోక మీదికి ఎక్కింది. క్లారా చప్పట్లు కొట్టింది. చీకటి పడుతుండగా ఆవిడ పిల్లలు వెనక మెట్ల దగ్గర పాత చోటే ఇసక సాపు చేసి తాడు కట్టారు. క్లారా నా దగ్గరికి వచ్చి ఆ ఇసక చూపించింది. ఈసారి తల ఊపలేదు, రెండు చేతులూ జోడించింది. "ఆయ్, తెలిసిందండీ" అన్నాను. ముగ్గురం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

మర్నాడు ఎప్పటిలాగే అందరికన్నా ముందు లేచాను. చీపురూ పేడనీళ్ళ బకెట్టూ షెల్టరు గోడ దగ్గర పెట్టి, అద్దాలు పెట్టుకుని, తాడు ఇవతల గొంతుక్కూర్చున్నాను. ఇసక మీద అడుగులున్నాయి, పాయలోంచి రెండు ఎక్కాయి. ఒకటి పెద్దది, ఒకటి పిల్ల. ఐదేసి వేళ్ళూ ఉన్నాయి. పిల్ల తాడు దాకా వచ్చి, నిలబడి చూసి, వెనక్కి తిరిగింది. ఎవరినీ లేపలేదు. క్లారా రాత్రి నాకిచ్చిన కొత్త పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీలో నిదానంగా రాశాను: నీటికుక్కలు రెండు. తల్లీ పిల్లా. పాయ నుంచి వచ్చి పాయలోకే పోయాయి. కింద నా పేరు రాశాను, ఈసారి గీత దాటకుండా. పుస్తకం మూసి మెట్టు మీద పెట్టి, అప్పుడు చీపురు అందుకుని వాకిలి ఊడ్చాను, తాడు దాకా.